వాలు లేని వీధి

మా అన్న మగ్గం సగం భూమిలో ఉండేది. గద్వాల నేతవాళ్ల పాత ఇళ్లు చూడనివాళ్లకు ఈ ముక్క ముందే చెప్పాలి, లేకపోతే నేనెందుకింత మండిపడుతున్నానో అర్థం కాదు. ముందుగదిలో నేలను తొడ లోతుకు తవ్వి గుంట చేస్తారు. నేసేవాళ్లు గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉండే తొక్కుడు చెక్కల మీద పాదాలు ఆనిస్తారు. నేలకు జానెడు ఎత్తున చీర సాగుతుంది. ఒళ్లంతా నూలు, అంచు పట్టు, రెండింటి పోగులనూ ఒకదానికొకటి మెలిపెట్టి కలపడం మా గద్వాల పని. దానికి ఒక్కరి చేతులు చాలవు. అందుకే అన్నా వదినా పక్కపక్కన కూర్చునేవారు. పెళ్లయిన నాటి నుంచి పగలంతా ఒకే గుంటలో కాళ్లు పెట్టుకుని బతికిన మొగుడూ పెళ్లాలు వాళ్లు. ముందురోజు ఎంత పోట్లాడుకున్నా తెల్లారితే పక్కన కూర్చోక తప్పదు. వదినది రాయచూరు దిక్కు. కోపం వస్తే "సాకు" అంటుంది, ఇక చాలు అని. ఆ మాట పడ్డాక అన్న నోరెత్తడు. పని మాత్రం ఆగేది కాదు.

గుంట కూర్చోవడానికి మాత్రమే అయితే దాని గురించి ఇంత చెప్పేదాన్ని కాదు. ఎండాకాలం మా దిక్కు గాలిలో తడి అన్నది ఉండదు. ఆ పొడిగాలికి పోగులు పెళుసెక్కి పుటుక్కుమని తెగుతాయి. గుంటలోంచి వచ్చే చల్లదనం, మట్టి తేమ పోగును కాపాడతాయి. ఎండలు ముదిరిపోతున్న ఈ ఏళ్లలో మగ్గం నడిచేదే ఆ తేమ మీద. కూలర్ పెట్టుకోవచ్చు కదా అని మా ఆఫీసులో ఒకాయన సలహా ఇచ్చాడు. కూలర్ గాలికి పట్టుపోగులు ఊగితే వచ్చేది చీర కాదయ్యా, చిక్కు అని చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు.

ఆఫీసంటే పంచాయతీ ఆఫీసు. పెద్దమందడి మండలంలో ఒక ఊరికి నేను కార్యదర్శిని. అంతకుముందు లింగాల దిక్కు పనిచేశాను. ఇప్పుడు ఉండేది వనపర్తిలో. ఆదివారం తీరిక దొరికితే బస్సెక్కి గద్వాల పోతాను. నా ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు పలికే మాట "ఆ పద్దులో లేదు" అన్నది. చెత్తబండికి వచ్చిన నిధులు చెత్తబండికే పెట్టాలి, దీపాలకు వచ్చినవి దీపాలకే. చర్చి వెనక వాడ ఆడవాళ్లు, పనుల కోసం ఏటా వలసపోయి వచ్చేవాళ్లు, ఒకరోజు వాననీళ్లు పోయే మోరీ కావాలని ఆఫీసు ముందు కూర్చున్నారు. వానొస్తే పొయ్యిలోకి నీళ్లొస్తున్నాయన్నారు. ఈ ఏడు ఆ పద్దులో లేదమ్మా, వచ్చే ఏడు రాసి పంపిస్తా అన్నాను. వాళ్లు తిట్టుకుంటూ లేచిపోయారు. అది మామూలే, మా ఉద్యోగంలో తిట్లు జీతంతో పాటు వస్తాయి.

ఇక మా వీధి సంగతి. గద్వాల ఊరి మొదట్లో చీర బొమ్మతో పెద్ద స్వాగతం బోర్డు ఉంటుంది. పెద్దవాళ్లు ఎవరొచ్చినా చీర బహూకరిస్తారు, ఉపన్యాసాల్లో చేనేత మన గర్వం అంటారు. ఆ చీర నేసే వీధికి మాత్రం మొన్నమొన్నటిదాకా మట్టిరోడ్డే, మోరీ అసలే లేదు. ఈమధ్య వానల తీరు మారింది. నెలంతా కురవాల్సింది ఒక్క పూటలో దబదబా కురిసి పోతోంది. అలాంటి వానలను ఊళ్లు తట్టుకునేటట్టు చేయడానికని మున్సిపాలిటీకి కొత్త నిధులొచ్చాయి. అందులో మా వీధికీ ఒక పని ఇస్తామన్నారు. మోరీనో రోడ్డో, రెంటిలో ఒకటే. ఏది కావాలో వీధివాళ్లే తేల్చుకొమ్మని చేనేత సంఘం హాల్లో మీటింగ్ పెట్టారు. ఆదివారం కాబట్టి నేనూ ఉన్నాను.

ఇంజనీరు నాగర్‌కర్నూల్ దిక్కు కుర్రాడు, ఓపిక ఉన్నవాడు. మోరీ తీసుకుంటే మంచిదని విడమరిచి చెప్పాడు. మా వీధి మొత్తం ఒక్క గొంతుతో రోడ్డే కావాలంది. వాళ్ల తరఫున మాట్లాడింది మా అన్న.

"సార్, మోరీ ఎవ్వలన్న అడుగుతరు. మాకు రోడ్డు గావాలె. అది గూడ సాపుగ ఉండాలె. యాడ గూడ వాలు ఉండొద్దు."

"వాలు లేకపోతే నీళ్లు ఎటు పోతాయండీ?" అన్నాడు ఇంజనీరు.

"వాలుంటె గంజి జారుతది సార్."

ఇంజనీరు తెల్లమొహం వేశాడు. అన్న చెప్పింది ఏమిటంటే, మగ్గానికి ఎక్కించే ముందు నూలు పడుగును, అంటే చీర నిలువు పోగులను, పొద్దున్నే వీధి నిలువునా సాగదీసి కడతారు. కర్రల మీద అది వంతెనలా నిలబడుతుంది. ఇటూ అటూ మనుషులు నడుస్తూ గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వుతూ ఆరబెడతారు. వీధి వాలుగా ఉంటే గంజి కింది కొసకు జారి అక్కడ పడుగు మందమవుతుంది, పై కొసన పలచబడుతుంది. చీర ఒక సగం అట్టలా, ఒక సగం గుడ్డపేలికలా వస్తుంది. మట్టిరోడ్డులో గుంతలు పడ్డప్పుడల్లా మావాళ్లు తట్టలతో మట్టి పోసి చదును చేసుకుంటూ వచ్చింది అందుకే. సిమెంటు రోడ్డు బల్లలాగా చదునుగా వస్తే ఆ బాధ తీరిపోతుందని వాళ్ల ఆశ.

"వానలు సూస్తున్నవా అన్నా? ముందు మోరీ అడుగు" అన్నాను నేను.

"నువ్వు సర్కారోళ్ల లెక్క మాట్లాడుతున్నవ్ చెల్లె" అన్నాడు. హాలంతా నవ్వింది.

నాకు ఒళ్లు మండింది, టీ తాగకుండానే లేచి వచ్చేశాను. అయితే ఇవాళ కూర్చుని ఆలోచించినా అన్న మాటలో తప్పు దొరకదు. వాన ఏడాదిలో ఎప్పుడో గట్టిగా పడుతుంది, పడుగు ప్రతివారం ఎవరిదో ఒకరిది వీధిలో ఉంటుంది. కడుపు నింపేదాన్ని ముందు చూసుకున్నారు. రోడ్డు వేసేటప్పుడు మావాళ్లు మేస్త్రీల వెంటపడి, ఎక్కడా చిన్న వాలైనా రాకుండా చేయించుకున్నారు. ఊళ్లో అంత చదునైన రోడ్డు ఇంకొకటి లేదు. ఇళ్ల గడపలకన్నా కొంచెం ఎత్తుకు వచ్చింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కొత్త రోడ్డు మీద మొదటి పడుగు మా ఇంటిదే పరిచారు. ఆ పూట అన్న మొహం పెళ్లికొడుకులా వెలిగిపోయింది.

ఆ సంవత్సరమే వాన కొట్టింది. నేను పంచాయతీలో ఉండగా వదిన ఫోన్ చేసింది.

"గుంటలకు నీళ్లొచ్చినయ్" అంది. ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పోయి చూశాను. వీధి మీద వాన నీళ్లు ఎటు పోవాలో తెలియక అట్లాగే నిలబడి, నిండి, గడపలు దాటి ఇళ్లలోకి దిగాయి. ఇంట్లోకి వచ్చిన నీళ్లు పల్లం వెతుక్కుంటాయి. ప్రతి ఇంట్లోనూ ముందుగదిలోనే పల్లం తవ్వి సిద్ధంగా ఉంది. మా ఇంట్లో గుంట అంచులు విరిగి మట్టి జారిపోయింది. మగ్గం మీద ఉన్న చీరకు నీళ్లు తగిలి, అంచులోని ఎర్రరంగు తెల్లటి నూలులోకి పాకింది. అన్న గుంటలో నిలబడి బకెట్‌తో నీళ్లు తోడి బయట పోస్తున్నాడు. తోడుతుంటే అడుగునుంచి మళ్లీ ఊరుతున్నాయి. వదిన గోడకు ఆనుకుని ఆ చీరను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి కూడా లేవలేదు. వీధంతా అదే చప్పుడు, ఇంటింటా బకెట్లు. నాకు ఏడుపొచ్చింది, దానికన్నా ముందు కోపమొచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను.

ఆ తర్వాత గుంటలు ఆరడానికి చాలా రోజులు పట్టింది. ఆరీ ఆరక ముందే మళ్లీ వాన, మళ్లీ బకెట్లు. ఆ కాలంలో మగ్గాలు నడిచిన రోజులకన్నా ఆగిన రోజులే ఎక్కువ. వదిన పాదాలు తడికి వాచి దవాఖానకు తిరగాల్సి వచ్చింది.

వీధివాళ్లు మోరీ అడగడానికి మున్సిపల్ ఆఫీసుకు పోయారు. నాకు ఆఫీసు భాష వచ్చని నన్నూ తీసుకుపోయారు. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టాడు. మీ వీధికి ఇవ్వాల్సిన పని ఇచ్చేశాం, ఆ పద్దు అయిపోయింది అన్నాడు. పోనీ రోడ్డును తవ్వి కాస్త వాలు చేయించండి అంటే, కొత్తగా వేసిన రోడ్డును గడువు తీరేదాకా ముట్టుకోవడానికి వీల్లేదన్నాడు. నేను గొంతు పెంచాను. అతను నావైపు తిరిగి, "మీరూ ఈ పనిలోనే ఉన్నారు కదా మేడం. మీ ఊళ్లో అయితే మీరు ఇస్తారా, చెప్పండి" అన్నాడు. ఎంత కసురుకోవాలన్నా అతను చెప్పినవన్నీ నాకు కంఠతా వచ్చిన మాటలే.

అయితే ఇంకొక పద్దులో డబ్బుందన్నాడు. నీళ్లొచ్చే ఇళ్లలో మగ్గాన్ని ఎత్తు దిమ్మె మీద నిలబెట్టడానికి సాయం చేస్తారట, ఇనుప చట్రంతో సహా. షరతు ఒకటే, గుంట పూడ్చేయాలి. వీధివాళ్లు ఒప్పుకోలేదు. గుంట పోతే ఎండాకాలం ఎట్లా నేస్తామని వాళ్లు అడిగారు. ఎండాకాలానికి వేరే పథకం రావచ్చని అతను అన్నాడు. అతను వెటకారం చేయలేదు, నిజంగానే అట్లా అనుకుంటున్నాడు.

మళ్లీ సంఘం హాల్లో కూర్చున్నారు. ఈసారి ఇంజనీరు లేడు, ఉన్నదల్లా వీధివాళ్లే. చివరికి తేల్చిందేమిటంటే, ఎవరి పర్మిషనూ అడగకుండా తామే రోడ్డును పగలగొట్టి వాలు చేసుకోవాలి. గంజి సంగతి ఎట్లాగో సర్దుకోవచ్చు, పడుగును మధ్యలో తిప్పి కడితే సరి. చేతులున్నాయి, గడ్డపారలున్నాయి. అంతవరకు అందరూ హుషారుగా మాట్లాడారు. తర్వాత ఎవరో, ఏ దిక్కుకు దించాలె అన్నారు.

చదునుగా ఉన్నంతకాలం మా వీధిలో ఎవరిదీ పల్లం ఇల్లు కాదు. వాలు అన్నాక ఎవరో ఒకరిది కావాలి. ఒక కొసన బస్సులు తిరిగే పెద్దరోడ్డు ఉంది, అది మా వీధికన్నా ఎత్తు. అటు నీళ్లు పోవు. రెండో కొసన ఉన్నది మా ఇల్లు, పక్కనే సందు, సందు దాటితే పెద్ద నాలా. వీధి నీళ్లన్నీ మా గడప ముందుకే వచ్చి నాలాలో పడాలి. గట్టివాన పడితే నాలా కూడా నిండుతుంది, నిండిన నాలా నీళ్లను వెనక్కి తోస్తుంది. అప్పుడు మునిగేది ఒక్క మా ఇల్లే. మిగతా గుంటలన్నీ బతుకుతాయి, మా ఇంట్లో మాత్రం ఇక గుంట ఉండడానికి లేదు. సందు అవతల ఉన్నది ఖాళీ షెడ్డు, ఎదురుగా సంఘం గోదాము. అంటే పోయేది ఒక్క మగ్గం.

ఎవరూ ఆ మాట పైకి అనలేదు. అన్నను అడగలేదు, బతిమాలలేదు. ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఆ వారమంతా మా ఇంటికి ఎవరూ రాలేదట. అగ్గిపెట్టె కోసం, చారెడు చింతపండు కోసం ఎప్పుడూ వచ్చేవాళ్లు కూడా రాలేదు. తిడితే పోట్లాడవచ్చు, అడిగితే కాదనవచ్చు. ఊరుకున్నవాళ్లను ఏం చేస్తాం?

తర్వాతి ఆదివారం నేను పోయేసరికి అన్న నిర్ణయం చెప్పేసి వచ్చాడు. మా దిక్కే దించండి, గుంట పూడ్చి ఆ ఎత్తు మగ్గమే పెట్టుకుంటా అన్నాడట.

నేను ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచాను. "ఏంది అన్నా, నువ్వేమన్న పెద్ద మారాజువా? వీధంత బతకాలంటె నీ మగ్గమే పోవాల్నా? గుంట పోయినంక వదినె ఏం జేస్తదనుకున్నవ్?"

"సాపుగ గావాలన్నది నేనే గదా" అన్నాడు. "అందరు నా మాట మీదనే సై అన్నరు. ఇప్పుడు మునుగుతుంటె నేను గుంటల గూసోని సూడాల్నా?"

"అందరు అన్నరు, నువ్వొక్కనివే గాదు."

"మాట్లాడింది నేనే."

నేను వదిన వైపు చూశాను. ఆమె ఒక్క మాట గట్టిగా అంటే ఇదంతా ఆగిపోతుందని నాకు తెలుసు. వదిన వాచిన పాదాలను చేత్తో రాసుకుంటూ ఉంది.

"నా కాళ్లు గుంటల తడికి పనికి రాకుంట అయినయ్" అంది మెల్లగా. "ఎత్తు మగ్గమైతె నాకే సుకం. జర ఊకో, ఎందుకు పరేషాన్ అయితవ్."

అది అబద్ధమని ఆమెకు తెలుసు, నాకు తెలుసు, అన్నకూ తెలుసు. మొగుడు తలెత్తుకోవడానికి ఆమె ఆ అబద్ధం ఆడింది. నాకు ఆమెను కావలించుకోవాలనీ, చెంప పగలగొట్టాలనీ ఒకేసారి అనిపించింది. ఏదీ చేయకుండా చెంబెడు నీళ్లు తాగి కూర్చున్నాను.

రోడ్డు పగలగొట్టిన రోజు వీధిలోని ఆడా మగా అందరూ వచ్చారు. ప్రభుత్వ ఉద్యోగిని, నేను అక్కడ ఉండకూడదు. తట్ట మోస్తూ రోజంతా ఉన్నాను. వార్డు ఆఫీసర్ బండి మీద వచ్చి, చూసి, ఫోన్ చెవిన పెట్టుకుని వెళ్లిపోయాడు. పెద్దరోడ్డు దగ్గర నుంచి మా ఇంటి దాకా కొట్టుకుంటూ, కంకర తీసి, మళ్లీ పోసుకుంటూ వచ్చారు. పగలగొట్టిన సిమెంటు పెళ్లలు ఎక్కడ పారేయాలన్న ప్రశ్న వచ్చింది. ఎవరూ మాట్లాడకముందే అన్న ఒక పెళ్లను ఎత్తుకుని ఇంట్లోకి పోయి గుంటలో వేశాడు. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. మా తాతల గుంట అట్లా రోడ్డు ముక్కలతోనే నిండింది. వదిన ఆ పూట వంటింట్లోంచి బయటికి రాలేదు.

వాలు పనిచేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. తర్వాతి వానకు వీధి మీద నీళ్లు నిలవలేదు. గలగలమంటూ మా ఇంటి ముందుకు వచ్చి, కాసేపు మా ముందుగదిలో తిరిగి, నాలా తగ్గాక వెళ్లిపోయాయి. దిమ్మె మీద ఎక్కిన మగ్గానికి చుక్క తగలలేదు. అధికారులు వచ్చి ఆ మగ్గాన్ని ఫొటో తీసుకున్నారు. వానలను తట్టుకున్న ఇల్లని పైకి రాసి పంపారని విన్నాను. ఇంతకుముందు మా వీధికి పై కొస, కింది కొస అనే మాటలు ఉండేవి కావు. ఇప్పుడు గ్యాస్ బండివాడు కూడా మమ్మల్ని కింది కొస ఇల్లు అంటాడు.

ఎండాకాలం వచ్చింది. ఇనుప చట్రం పొద్దెక్కేసరికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. వదిన తడిగోనెలు కప్పింది, కింద ఇసుక పోసి నీళ్లు చల్లింది. అయినా పోగులు నిలవలేదు. తెగినవి ముడేసుకుంటూ నేసిన చీరను, నూలిచ్చే షావుకారు వెలుగుకు పట్టి చూసి పక్కన పడేశాడు. ఇన్నేళ్లలో మా ఇంటి చీరను అట్లా పడేయడం అదే మొదలు. ఆయన రెండోసారి మాకు పట్టు ఇవ్వలేదు. వానాకాలం వచ్చాక చూద్దాంలే అన్నాడు. మగ్గం మీద గుడ్డ కప్పేశారు. వదిన ఇంటింటికీ నూలు కండెలు చుట్టి ఇస్తోంది.

మొన్న ఆదివారం పెద్దరోడ్డు మీద బస్సు దిగి వీధిలోకి తిరిగాను. ఎదురుగా అన్న పైకి నడిచి వస్తున్నాడు. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది.

"యాడికన్నా, ఆదివారం పూట?"

"పనికి" అని పై కొస ఇల్లు చూపించాడు. ఆ ఇంటాయన కొడుకు హైదరాబాద్‌లో డెలివరీ పనికి పోయాడు, గుంటలో రెండో మనిషి లేడు. కూలికి అన్నను పిలిచారు. ఎండలు పోయేదాకా అక్కడే.

మా ఇంటి గడప ఇక్కడికి కనబడుతూనే ఉంది. గట్టిగా పిలిస్తే వదిన పలుకుతుంది.

"ఈడికీడికి డబ్బా ఎందుకన్నా? ఆకలైతె ఇంటికొచ్చి తినొచ్చు గదా" అన్నాను.

అన్న డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"కూలికి పోయినోడు నడుమ లేసి ఇంటికొస్తె బాగుండదు చెల్లె" అన్నాడు.